ఉత్త పిడికిలి

అమ్మవారి ముఖం అన్నయ్యది, చేతులు చెల్లెలివి. తండ్రి పోయిన నాటినుంచి ఆ కొయ్యబొమ్మల కార్ఖానాలో పని పంపకం అదే. పేరు మాత్రం అన్నయ్యదే అనుకోండి. బొమ్మను మెచ్చుకునేవాళ్ళు ముఖం చూస్తారు గానీ వేళ్ళెవరు చూస్తారు?

ఈసారి నాలుగు చేతుల తల్లి. ఒక చేతిలో పాశం, అంటే ప్రేమ, బిడ్డల్ని దగ్గరికి లాక్కునే తాడు. ఇంకో చేతిలో అంకుశం, అంటే కోపం, దారి తప్పినవాణ్ణి పొడిచి మళ్ళించేది. పాశం ఇట్టే అయిపోయింది. అంకుశానికి మాత్రం చెల్లెలు ప్రాణం పెట్టింది. ఇంట్లో ఏనాడూ గొంతు పెంచని మనిషి, ఆ పిడికిలి చెక్కుతుంటే ఎందుకో కుదుటపడింది.

తీరా బొమ్మ చేయించుకుంటున్న పెద్దాయన వచ్చి పెదవి విరిచాడు. "తల్లంటే చల్లగా ఉండాలి. ఆ కొక్కెం తీసేసి తామరపువ్వు పెట్టండి."

"అలాగేనండీ, దానిదేముంది," అన్నాడు అన్నయ్య.

చెల్లెలికి ఒళ్ళు మండింది. ఆయన గడప దాటేదాకా పళ్ళు బిగబట్టి, అప్పుడు అడిగింది. "దానిదేముందంటావేంటి అన్నయ్యా? కోపమే లేకపోతే ఆ ప్రేమను ఎవరు లెక్కచేస్తారు?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే? పువ్వు చెక్కు. నువ్వూరుకో."

నువ్వూరుకో. వంటింట్లో అదే, కార్ఖానాలో అదే, చివరికి తన పెళ్ళి మాటల్లోనూ అదే. ఊరుకుని ఊరుకుని ఆమెకు విసుగెత్తిపోయింది. అయినా అంకుశం లాగి చెక్కపేళ్ళ బుట్టలో పడేసింది, పువ్వు చెక్కింది. పిడికిలి సందేమో అంకుశం కొలతది, పువ్వు కాడేమో సన్నం. పెట్టినప్పుడల్లా జారి అమ్మవారి పాదాల మీద పడింది. జిగురు రాసినా తలవాల్చింది. చివరికి దాన్ని బల్లమీద పారేసి కూర్చుంది.

సాయంత్రం అన్నయ్య వచ్చి చూశాడు. పువ్వు లేదు, అంకుశం లేదు. చిరునవ్వు ముఖం పక్కన ఎత్తిన పిడికిలి ఒక్కటే ఉంది.

"ఇదేంటే, కొట్టడానికి వస్తున్నట్టుంది. ఆ వేళ్ళు కాస్త తెరువు."

"కొయ్యలో ముడిచిన వేళ్ళు తెరుచుకోవు అన్నయ్యా, విరుగుతాయి."

"మరి ముందే చెప్పవేం?"

నవ్వాల్సిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. "ఊరుకోమన్నావు కదా."

బుట్టలోంచి అంకుశం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, పిడికిట్లో దోపింది. అది కదలకుండా కూర్చుంది. చిత్రంగా అమ్మవారి చెయ్యి మెత్తబడింది, ముఖంలో నవ్వుకు మళ్ళీ అర్థం వచ్చింది.

"తియ్యాలంటే నువ్వే తియ్యి," అంది చెల్లెలు.

అన్నయ్య చెయ్యి చాచాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. కాసేపు తల గోక్కున్నాడు.

"మరి పెద్దాయనకి ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పొద్దు. రేపు రమ్మను, నేను మాట్లాడతాను."