డయల్ మీద పడిన వేలు

నూకరాజు పొద్దున్నే షాపు తెరిచేసరికి, నిన్న గడియారం డయల్ మీద పడిన తన బొటనవేలి ముద్ర డయల్ దాటి బల్ల మీదికి కూడా పాకి ఉంది. ఇప్పుడది అన్నం తినే కంచమంత ఉంది. గీతలన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి, కాస్త జిడ్డుగా మెరుస్తున్నాయి కూడా.

అతనేమీ ఆశ్చర్యపోడు. పట్టించుకోకుండా వదిలేస్తే వేలిముద్రలు పెరుగుతాయి, గడియారాలు బాగుచేసే పనిలో ఉన్నవాళ్ళకి అది తెలిసిందే. అతనికి సిగ్గేస్తుంది, అంతే. గబగబా షట్టరు సగానికి దించి, భుజం మీది తువ్వాలు తీసి ముద్ర మీద కప్పుతాడు. తువ్వాలు చాలదు.

గడియారం డాక్టరు సుభాషిణి గారిది. స్విట్జర్లాండులో చేసింది, బంగారు అంచుది, బ్యాటరీ లేకుండా కీ ఇస్తే నడిచేది. కాకినాడలో సగం మంది పుట్టినప్పుడు టైము చూసింది అందులోనే. సర్వీసుకి బొంబాయి పంపాలని కంపెనీవాళ్ళు చెప్పారు. ఆవిడ పంపలేదు. నేరుగా మెయిన్ రోడ్డులోని ఈ ఇరుకు షాపుకి వచ్చి, చేతి నుంచి విప్పి బల్ల మీద పెట్టారు. నీ హస్తవాసి మంచిదని అందరూ అంటారయ్యా, అన్నారు. డాక్టరు నోటి నుంచి ఆ మాట వినడమంటే మాటలా! నూకరాజు ఇంటికెళ్ళి భార్య తాయారుకి చెప్పిందే చెప్పి విసిగించాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, పని మాత్రం శుభ్రంగా చేశాడు. ముక్కముక్కా విప్పి, కడిగి, ఆరబెట్టి, ఇరుసులు తిరిగే చిన్న కెంపురాళ్ళలో సూదిమొనతో నూనె పెట్టి, మళ్ళీ బిగించాడు. కీ ఇవ్వగానే చక్రం కదిలింది. కొంచెం ముందు నడుస్తుంటే, లోపలున్న సన్నటి ఇనుప మీటని వెనక్కి జరిపి వేగం తగ్గించాడు. ఇక కేసులో పెట్టి అద్దం బిగించడమే మిగిలింది. అప్పుడు ఏం పుట్టిందో ఏమో, బొటనవేలికి ఉన్న రబ్బరు తొడుగు తీసేశాడు.

కావాలనే తీశాడు. పొరపాటున జారిందని చెప్పుకోవచ్చు గాని, జారలేదు. మీసాలు రాకముందు నుంచి ఇలాంటి గడియారాలు బాగుచేస్తున్నాడు, ఒక్కదాన్ని కూడా నిజంగా ముట్టుకున్నది లేదు. ఎప్పుడూ మధ్యలో ఆ రబ్బరే. ఒక్కసారి ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. మీగడ రంగు డయల్ మీద బొటనవేలు ఆనించాడు. చల్లగా ఉంది. బాగుంది కూడా. అలా బాగున్నందుకే ఇప్పుడతని చెవులు కాలిపోతున్నాయి.

డయల్ ముట్టుకోకూడదు. ముట్టుకున్నాక తుడవనూ కూడదు, తుడిస్తే రంగూ అంకెలూ కలిసి గుడ్డకి వచ్చేస్తాయి. ఈ సంగతి అతను రోజూ అబ్బులుకి చెబుతూనే ఉంటాడు. అబ్బులు అతని బావమరిది, తాయారు తమ్ముడు, పక్క బల్ల మీద పని చేస్తాడు. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు, కాస్త మతిమరుపు మనిషి. అప్పుడప్పుడు తొడుగులు పెట్టుకోవడం మర్చిపోతాడు. అలాంటప్పుడు నూకరాజు షాపు కప్పు ఎగిరిపోయేలా అరుస్తాడు, పసిపిల్ల కంట్లో అయితే ఇలాగే వేలు పెడతావా అని. జనం ముందు కూడా అరుస్తాడు. నిజం చెప్పాలంటే, జనం ముందు కాస్త ఎక్కువే అరుస్తాడు.

అబ్బులు వచ్చేసరికి ముద్ర బల్ల కాళ్ళ మీదుగా నేల మీదికి దిగి ఉంది. అతను చెప్పులు బయట విప్పి, ముగ్గు తొక్కకుండా దాటినట్టు గీతలన్నీ జాగ్రత్తగా దాటుకుంటూ వచ్చి, తన స్టూలు మీద కూర్చుంటాడు.

“ఎవరిది బావా ఇది?” అంటాడు.

నిజం నూకరాజు నాలుక మీదే ఉంది. నోరు తెరిస్తే చాలు, అయిపోతుంది. కానీ ఇన్నాళ్ళుగా తను తిట్టిన తిట్లన్నీ పోగై అబ్బులు ముఖంలో కూర్చుని తన వైపే చూస్తున్నట్టనిపిస్తుంది. నోరు తెరుస్తాడు గాని, అందులోంచి వేరే మాట వస్తుంది.

“ఎవరిదంటావేంట్రా? ఈ షాపులో ఉత్తచేతుల్తో ముట్టుకునేది ఎవరు?”

అబ్బులు ఎదురు తిరిగితే బాగుండేది. అలిగి వెళ్ళిపోయినా బాగుండేది. అతను తన బొటనవేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. నాకైతే గుర్తు లేదు గాని నేనే అయ్యుంటాను బావా, నువ్వు చెబుతూనే ఉన్నావు కదా, అంటాడు.

తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని, ముద్ర పక్కన తన వేలు పెట్టి పోల్చుకుంటాడు. కుదరదు. నేల మీదిది గుండ్రంగా చుట్టుకున్న చక్రం. అబ్బులు వేలిది ఒక పక్కకి సాగిన శంఖం. ఎవరికైనా ఇక్కడితో సంగతి తేలిపోవాలి. అబ్బులు మాత్రం లోపం తన వేలిదే అనుకుంటాడు. సరిపోవడం లేదు, సరిచేస్తానుండు, అని చెప్పి, సొరుగులోంచి సన్నటి గరుకు కాగితం తీస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని తన బొటనవేలిని రుద్దడం మొదలుపెడతాడు. కాసేపు రుద్దుతాడు, వంగి నేల మీది గీతలు చూస్తాడు, మళ్ళీ రుద్దుతాడు. అతనింత శ్రద్ధగా పని చేయడం నూకరాజు ఎన్నడూ చూడలేదు.

ఆపరా అనాలి. అనడు. ఆపమంటే ఎందుకు ఆపాలో కూడా చెప్పాలి కదా. తన బల్ల మీదికి వంగి, గడియారాన్ని కేసులో పెట్టి అద్దం బిగించి, ఆపైన బిగించి ఉన్న మరలనే మళ్ళీ బిగిస్తూ కూర్చుంటాడు. గరుకు కాగితం చప్పుడు వినబడినప్పుడల్లా మెడ భుజాల్లోకి ముడుచుకుపోతుంది.

మధ్యాహ్నానికి ముద్ర గడప దాటి మెయిన్ రోడ్డు ఎక్కుతుంది. గీతలు ముందు పిల్లకాలవలంత లోతవుతాయి, తర్వాత సందులంత వెడల్పవుతాయి. జనం సర్దుకుపోతారు. మసీదు సెంటరు నుంచి జగన్నాథపురం వంతెనకి పోవాల్సిన ఆటోలు గీతల వెంట చుట్టూ తిరిగి తిరిగి పోతాయి. బడి పిల్లలు గట్ల మీద వరసగా నడుస్తారు. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి అంచుల వెంట బ్లీచింగు పొడి చల్లి వెళ్తారు. ఇది ఎవరిదని ఒక్కరూ అడగరు. అడిగితే చెప్పేద్దామని నూకరాజు గుమ్మంలో నిలబడతాడు. వాళ్ళు అతనికి దండం పెట్టి, లోపల అబ్బులు పని మీద ఉన్నట్టున్నాడని గొంతు తగ్గించుకుని వెళ్ళిపోతారు.

సాయంత్రం సుభాషిణి గారు గడియారం కోసం బయల్దేరతారు. గీతల వెంట నడిస్తే తప్ప షాపు చేరే దారి లేదు గనుక, ఆవిడ ముందు ఎక్కడో వీధి చివర కనబడి, చెయ్యి ఊపి, మలుపు తిరిగి మాయమవుతారు. కాసేపటికి ఇంకాస్త దగ్గరగా కనబడి, మళ్ళీ చెయ్యి ఊపి, మళ్ళీ మలుపు తిరుగుతారు. నూకరాజు ప్రతిసారీ నమస్కారం పెడతాడు. ఈసారి రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని ప్రతిసారీ అనుకుంటాడు. ఆవిడ మలుపు తిరగ్గానే హమ్మయ్య అనుకుంటాడు, హమ్మయ్య అనుకున్నందుకు మళ్ళీ తల దించుకుంటాడు. ఆవిడ చీర అంచు రంగు తెలిసేంత దగ్గరికి వస్తారు. తర్వాత నుదుటి మీద చెమట కనబడేంత దగ్గరికి వస్తారు. ఆఖరికి గుమ్మంలోకే వచ్చేస్తారు.

నూకరాజు కుర్చీ తుడిచి వేస్తాడు. ఆవిడ కూర్చుని డయల్ చూస్తారు, బల్ల చూస్తారు, నేల చూస్తారు. ముఖంలో కోపం లేదు. ఎన్నాళ్ళ నుంచి దగ్గు అని రోగిని అడిగినంత మామూలుగా, ఇది ఎవరి వేలు, అని అడుగుతారు.

“నాదేనండి అమ్మగారూ,” అంటూ అబ్బులు లేచి నిలబడి వేలు చాపుతాడు.

వేలు పచ్చి పుండై ఉంది. ఆవిడ దాన్ని మెత్తగా పట్టుకుని, డయల్ పక్కకి తెచ్చి, కళ్ళజోడు సవరించుకుని చూస్తారు. శంఖం అరిగి చక్రమైంది. గీతకి గీత, వంపుకి వంపు అచ్చంగా కలుస్తాయి. అబ్బులు ముఖం వెలిగిపోతుంది. ఇన్నాళ్ళకి ఒక పని తప్పు లేకుండా చేశాను చూశావా అన్నట్టు బావ వైపు చూస్తాడు.

ఆ చూపు నూకరాజు భరించలేడు. భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపిస్తుంది. భూమి చీలే ఉంది, ఊరి చివరిదాకా తన గీతలతోనే చీలి ఉంది, లాక్కోవడం మాత్రం లేదు.

“వాడిది కాదండి,” అంటాడు. “నాదండి. తొడుగు తీసేసి కావాలనే ముట్టుకున్నాను. వాడికేం తెలీదండి.”

ఆవిడ అతని చెయ్యి కూడా చూపించమంటారు. బొటనవేలు వెలుగులోకి తిప్పి చూస్తారు. అక్కడ ఏమీ లేదు. పెంకు వలిచిన కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఊరంతా పరుచుకున్నాక వేలి మీద ఇంకేం మిగులుతుంది మరి!

“నీ వేలికి ముద్రే లేదు కదయ్యా,” అంటారు ఆవిడ జాలిగా. “బావమరిది మీద మాట పడకుండా నీ నెత్తిన వేసుకుంటున్నావు. మంచి మనసు నూకరాజూ నీది.”

చెప్పుతో కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. అబ్బులు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, నా కోసం అబద్ధాలాడకు బావా, అంటాడు.

“నాది,” అంటాడు నూకరాజు.

ఎవరూ వినిపించుకోరు. డాక్టరుగారు అబ్బులు వేలికి గుడ్డ చుట్టి, గడియారం చేతికి పెట్టుకుని, గీతల వెంట తిరుగుదారి పడతారు. నాది, అంటాడు నూకరాజు ఆవిడ వెనక నుంచి. నాది, అంటాడు మళ్ళీ. ముందు అరుపులా ఉంటుంది, తర్వాత అరుపు తగ్గి ఒకే స్థాయికి వస్తుంది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఎడం రవ్వంత కూడా మారదు. మధ్యలో గాలి పీల్చుకునే పని ఉండదు. ఆపుదామని పెదవులు మూసినా అది గొంతులోంచి సాగుతూనే ఉంటుంది. నాది, నాది, నాది, నాది.

మలుపులో డాక్టరుగారు ఆగుతారు. చెవి ఒగ్గి విని, గడియారం కీ బయటికి లాగి, ముల్లు కాస్త జరుపుకుంటారు. ఆటోలు ఆగుతాయి. గట్ల మీద నడిచేవాళ్ళంతా మణికట్లు పైకెత్తి, అతని మాటకి సరిగ్గా టైము పెట్టుకుంటారు. ఆ మాటకి అర్థమేమిటని ఒక్కరికీ తోచదు.

అబ్బులు లేచి వస్తాడు. బావ రొమ్ముకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ప్రేమగా వింటాడు.

“కొంచెం ముందు నడుస్తున్నావు బావా,” అంటాడు.

బావ చొక్కా పైగుండీలు విప్పుతాడు. గొంతు కింద గుంటలో ఉన్న సన్నటి ఇనుప మీటని, ఆ పుండు వేలితోనే, నొప్పికి పెదవి కొరుక్కుంటూ, వెనక్కి జరుపుతాడు. నూకరాజు అరవబోతాడు. అరుపు రాదు, నాది అనే వస్తుంది, ఇంతకుముందు కంటే కాస్త నెమ్మదిగా. వీధిలో జనమంతా మళ్ళీ మణికట్లు ఎత్తుతారు.