అద్దాల బీరువాలో పెద్దక్క

నేను ఒక చేతిబొమ్మను. తల కాగితపు గుజ్జుది, ఒళ్లు పాత జాకెట్టుది, జుట్టు తెగిన వలదారానిది. లోపల ఏమీ లేదు. ఎవరైనా చెయ్యి దూరిస్తేనే నాకు ప్రాణం, మాట, పొగరు. మనుషుల్లోనూ ఇలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ వాళ్లు ఒప్పుకోరు.

నన్ను చేసింది నీలవేణి. సముద్రపు ఒడ్డున మా ఊరి బడిలో అయిదో తరగతి. తెలివికి లోటు లేదు, నత్తి ఒక్కటే. పేరడిగితే "నీ... నీ..." దగ్గరే ఇసకలో కూరుకుపోయిన పడవలా ఆగిపోయేది. అయిదు అయ్యాక పిల్లలంతా నాలుగు మైళ్ల అవతలి హైస్కూలుకు వెళ్లాలి. అక్కడ మొదటిరోజు ఒక ఆచారం ఉంది. కొత్తవాళ్లు ఒక్కొక్కరే లేచి, అందరి ముందూ పేరు, తండ్రి పేరు, ఊరు గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క ముక్కకు జడిసి నీలవేణి చదువే మానేస్తానని కూర్చుంది.

సుభాషిణి టీచరు అది కనిపెట్టారు. బుజ్జగింపులతో పని కాదని, పిల్లలందరి చేతా బొమ్మలు చేయించి, హైస్కూలు మీద ఒక నాటకం కట్టించారు. పాత పేపర్లు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి నా తల చేశారు. ఇప్పటికీ ముసురు పడితే నా బుర్రలోంచి మెంతుల వాసన వస్తుంది. కళ్లకు చింతగింజలు పెట్టారు. నాది పెద్దక్క వేషం, అంటే ఆరో తరగతి చదివేసి వచ్చిన ఆరిందా. పుట్టి వారం తిరగలేదు, బడి గడప దాటలేదు, అప్పుడే హైస్కూలు గురించి ఊరందరికీ సలహాలివ్వడం మొదలుపెట్టాను.

"పెద్దక్కా, ఆడ పెద్దపిల్లలు కొడతారేటి?" అని ఒక పిల్ల అడిగేది.

"కొడితే నాకు సెప్పవే! ఆల్ల ఈపు ఇమానం మోత మోగించేత్తాను!" అనేదాన్ని నేను, అంటే నీలవేణి.

ఆ నత్తి ఎటు పోయేదో ఎవరికీ అంతుపట్టలేదు, నాకూ పట్టలేదు. లోపల ఆ చిన్న వేళ్లు నా తలను గట్టిగా అదిమి పట్టుకునేవి. పైకి మాట మాత్రం గడగడా వచ్చేది. నేను గర్వంగా తల ఎగరేసేదాన్ని, ఆ ఎగరేయడమూ ఆమె వేలి చలవే అనుకోండి.

"జూన్‌లో పెద్దక్కని తొడుక్కునే వెళ్లు. ఆ మాస్టార్లతో నేను మాట్లాడతాను. నీ పేరు పెద్దక్కే చెబుతుంది" అని టీచరు మాటిచ్చారు. నీలవేణి తలూపింది. వాళ్లమ్మ పోలమ్మ ఆ వారమే పుస్తకాలకు కొత్త సంచి కుట్టింది.

అంతలో మండలంలో బోధనోపకరణాల ప్రదర్శన పెట్టారు. నాకు ఫస్టు ప్రైజు వచ్చింది. అదే మా కొంప ముంచింది. మా బడిలో ప్రైజు వచ్చిన వస్తువు హెడ్మాస్టరు గదిలో అద్దాల బీరువా ఎక్కాల్సిందే, ఎక్కినది దిగిన దాఖలా లేదు. హెడ్మాస్టరు అప్పలనర్సయ్య గారు రోజూ టౌను నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి, చీమకు కూడా హాని తలపెట్టరు. నా మెడకు రిబ్బను కట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి మరీ తాళం వేశారు. వేసవిలో సుభాషిణి టీచరుకు బదిలీ అయింది.

హైస్కూలు తెరిచే ముందురోజు పోలమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"బాబూ, ఆ బొమ్మ ఒక్క రోజుకి ఇప్పించండి. అది సేతికుంటేనే మా పిల్ల నోరిప్పుతాది. రేపు ఆడ పేరు సెప్పాలట."

"ప్రైజు బొమ్మ కదా పోలమ్మా, రిజిస్టర్లో రాసేసినాం. ఎవలైనా వచ్చి అడిగితే ఏటి సెప్పమంటావు?" అన్నారు గానీ, నీలవేణి మొహం చూసేసరికి ఆయన మనసు కరిగింది. బీరువా తెరిచి, "ఓపాలి తొడుక్కో తల్లీ" అని నన్ను అందించారు.

ఆ చెయ్యి లోపలికి రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "నా పేరు కొమర నీలవేణి! మా నాన్న పేరు కొమర దానయ్య!" అని ఊరి పేరుతో సహా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాం.

హెడ్మాస్టరు గారి మొహం వెలిగిపోయింది. "ఓసోసి! ఇంత బాగా మాటాడతన్నావు కదే! నత్తీ లేదు, గిత్తీ లేదు. ఇంక నీకు బొమ్మెందుకు? దైర్నంగా ఎల్లు!" అని వీపు తట్టి, నన్ను మెల్లగా ఆమె చేతినుంచి లాగేశారు.

నేను ఉండబట్టే కదా మాస్టారూ ఆ మాట వచ్చింది, అని అరిచాను. అరిచాననే అనుకున్నాను. నీలవేణి కూడా ఏదో చెప్పబోయింది. "మా... మా..." అంటూండగానే ఆయన తాళం వేసేసి, ఇంక మీ పిల్లకి ఢోకా లేదని పోలమ్మకు భరోసా ఇస్తున్నారు.

తర్వాతి సంగతి బడి ఊడ్చే ఆయమ్మలు చెప్పుకుంటుంటే విన్నాను. పేరు చెప్పమంటే నీలవేణి "నీ... నీ..." దగ్గరే ఆగిపోయిందట. క్లాసంతా నవ్విందట. మూడో రోజు నుంచి వెళ్లడం మానేసిందట. ఏడుద్దామంటే చింతగింజలకు నీళ్లు రావు. నా మీద నాకే అసహ్యం వేసింది.

మొన్న ఒక ఆఫీసరు గారు వచ్చారు. "ఈ బొమ్మలాటతోనే మా పిల్లలకి హైస్కూలు బెరుకు పోగొట్టినామండి" అని హెడ్మాస్టరు గారు నన్ను చూపించారు.

"బాగుంది. చేసిన అమ్మాయి ఇప్పుడేం చదువుతోంది?"

"ఆరో తరగతండి" అన్నారాయన. అబద్ధమాడలేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు.

కిటికీ అవతల ఇసకలో, ఎండబెట్టిన చేపల పక్కన నీలవేణి కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది. "పోతావా, పోవా దొంగదానా! మల్లీ వొచ్చినావంటే రెక్కలిరిసేత్తాను!" ఒక్క ముక్క తడబడలేదు. కాకులు పేరు చెప్పమని అడగవు కదా.