గోడ వారన చిట్టియ్య

కట్టుకున్నవాణ్ణి పాతిపెట్టిన చోటు మీంచి జనం చెప్పులేసుకుని నడుస్తుంటే ఏ ఆడదానికి కడుపు మండదు చెప్పండి. రూతుకి మండింది. తొమ్మిది నెలలు మండుతూనే ఉంది.

నిరుడు జూలైలో, గోదారి పోటు మీదున్నప్పుడు పోయాడు ఆమె మొగుడు చిట్టియ్య. ధవళేశ్వరం దాటాక కాలవగట్టు మీద ఉంది వాళ్ళ సంఘం సమాధుల తోట. అరెకరం కూడా ఉండదు, ఎప్పుడో నిండిపోయింది. సంఘ పెద్ద రాజ్ కుమార్ మేష్టారు గొడుగు కింద నిలబడి అటూ ఇటూ చూసి, "గోడ వారన దారుంది కదమ్మా, అక్కడ పెడదాం" అన్నారు. ప్రహరీ గోడకీ, మేష్టారి తండ్రిగారి నల్లరాతి సమాధికీ మధ్య మూడడుగుల దారి అది. వెనక వరసలకి వెళ్ళేవాళ్ళు దాని మీంచే వెళ్తారు. వేపచెట్టు పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఇంకోటి లేకపోలేదు. ఇరవై అడుగులు ఎక్కువ నడవాలి. ఆ ఇరవై అడుగులకే అందరికీ కాళ్ళు పీకుతాయి కాబోలు, ఒక్కరూ అటు వెళ్ళరు.

చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చుకుంటానని అడిగింది రూతు. దారికి అడ్డమన్నారు మేష్టారు. పోనీ చిన్న సిలువ పెట్టుకుంటానంది. "నేల మీద ఏదీ పెట్టకూడదని కమిటీ తీర్మానం రూతమ్మా. అయినా కింద ఉన్నది మట్టే కదా. చిట్టియ్య దేవుడి దగ్గరున్నాడు. మట్టి కోసం బెంగ పెట్టుకోకూడదు" అన్నారు. ఎంత చల్లగా చెప్పారో. వాళ్ళ నాన్నగారి మట్టికి మాత్రం నల్లరాయి, ఇత్తడి అక్షరాలు, పైన పాలరాతి బైబిలూ కావలసొచ్చాయి. రూతు ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేసింది.

ఆమె కడియంలో ఒక నర్సరీలో ఇరవై రెండేళ్ళుగా కూలికెళ్తోంది. ఫిబ్రవరిలో ఆ నర్సరీకి హైదరాబాదు నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. యంత్రాల కింద, టైల్సు కింద వేసి పంపే చెక్క ప్యాలెట్లుంటాయి చూడండి, వాటిని నిలబెట్టి, పలకల సందుల్లో పూలమొక్కలు పెట్టి గోడలకి తగిలించడం. నలభై ప్యాలెట్లకి మట్టి నింపింది రూతే. ఆఖరిది నింపుతుండగా తట్టిందామెకి. నేల మీద కదా వద్దన్నారు, గోడ మీద వద్దనలేదు కదా. చిట్టియ్య పేరు రాసి, చుట్టూ పూలు పూయిస్తే, ఇక్కడో మనిషి పడుకున్నాడని తెలిసి, సిగ్గున్నవాళ్ళెవరైనా వేపచెట్టు వైపు తిరుగుతారు. ఆమె ఆశ అంతే. ఆయన మీద కాలు పడకూడదు.

నర్సరీ యజమాని యుగంధర్ గారిని అడిగితే, "విరిగిందొకటుంది, పట్టుకెళ్ళు రూతూ. పురుగు పట్టకుండా మందు కొట్టిన చెక్క మాత్రం కాకుండా చూసుకో, వేళ్ళు మాడిపోతాయి" అన్నారు. విరిగిన సగం కోయించి, మిగతా సగం ఇంటికి తెచ్చుకుంది. మేకులు పీకింది. రోజూ పని నుంచి వచ్చాక ఉప్పుకాగితంతో రుద్దింది. వెనక గోనెపట్టా రెండు మడతలు వేసి కొట్టింది. బరువు తగ్గాలని ఎర్రమట్టిలో కొబ్బరిపొట్టు ఎక్కువ కలిపింది. మొక్కల దగ్గర మాత్రం రెండు రోజులు ఆలోచించింది. గడ్డిగులాబీ అందంగానే ఉంటుంది కానీ ఎండెక్కితేగాని విచ్చుకోదు. ఈస్టరు నాడు జనం సమాధుల తోటకొచ్చేది తెల్లారగట్ల. అందుకని తెల్ల బిళ్ళగన్నేరు పెట్టింది. దానికి పగలూ రాత్రీ లేదు.

మొక్కలు పెట్టాక ప్యాలెట్‌ని వెంటనే నిలబెట్టకూడదు. వేళ్ళు మట్టిని పట్టుకునేదాకా పడుకోబెట్టే ఉంచాలి, లేకపోతే మట్టంతా జారిపోతుంది. మూడు వారాలు పెరట్లో పడుకోబెట్టి నీళ్ళు పోసింది. పై పలక మీద తెల్లరంగుతో 'చిట్టియ్య' అని తనే రాసుకుంది. ఈస్టరు ముందు శనివారం సాయంత్రం, వాళ్ళ వీధిలో ఆటో నడిపే లోవరాజు సాయం వచ్చి, గోడకి రెండు కొక్కేలు దిగ్గొట్టి తగిలించి వెళ్ళాడు. నేలకి జానెడు ఎత్తున వేలాడింది. తీర్మానానికి ఎక్కడా భంగం లేదు.

ఈస్టరు నాడు చీకటితోనే వచ్చి పక్కన నిలబడింది రూతు. ఆరాధన అయింది, తూరుపు తెల్లబడింది, తెల్లపూలు గోడంతా వెలిగిపోయాయి. జనం చూశారు. ఒక్కరు కూడా వేపచెట్టు వైపు వెళ్ళలేదు.

మేష్టారి కూతురు తబిత ముందుగా వచ్చింది. "అబ్బ, ఎంత బాగుందో ఆంటీ" అని ఫోను తీసి, పూలకి వీపు ఆనించి నవ్వింది. ఎత్తుమడమల చెప్పులు సరిగ్గా చిట్టియ్య గుండెల మీద దిగాయి. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక పిల్లల్ని చంకనెత్తుకుని ఒక కుటుంబం. వెనక వరసల్లో తమవాళ్ళెవరూ లేనివాళ్ళు కూడా ఫొటో కోసం వచ్చి వరసలో నిలబడ్డారు. తొమ్మిది నెలల్లో తొక్కినదానికంటే ఎక్కువ ఆ అరగంటలో తొక్కారు. తీసుకొచ్చింది ఎవరు? తనే. తన చేత్తో పూలు పూయించి మరీ పిలిచింది.

"కాస్త పక్కకి రండమ్మా" అంది రూతు. ఫొటోలో పేరు కనబడాలని చెబుతోందనుకుని పక్కకి జరిగి, మళ్ళీ ఆయన మీదే నిలబడ్డారు.

మేష్టారు కూడా వచ్చి మెచ్చుకున్నారు. "వచ్చే ఏడు ఈ గోడ పొడుగునా పెట్టిద్దాం రూతమ్మా. నువ్వే చెయ్యాలి."

రూతు జనం కాస్త పల్చబడగానే కొంగు నడుముకి చుట్టి, ప్యాలెట్‌ని భుజమ్మీదకి ఆన్చుకుని కొక్కేల నుంచి తప్పించింది. ఇరవై రెండేళ్ళు కుండీలు మోసిన నడుం అది. మెల్లగా గోడవెంట కిందికి జార్చి, దారికడ్డంగా, చిట్టియ్య గుండెల మీద పడుకోబెట్టింది. పక్కనే కూలబడింది.

వచ్చేవాళ్ళు ఆగారు. పూలు చూశారు. పాపం, పూలని తొక్కలేకపోయారు. వేపచెట్టు దాకా పోనూ లేకపోయారు. పక్కనున్న నల్లరాతి సమాధి ఎక్కి, దాని మీంచి నడిచి అటు దిగడం మొదలుపెట్టారు. పాలరాతి బైబిలు పక్కన మట్టి అడుగులు పడ్డాయి.

మేష్టారు పరుగున వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. "ఏంటమ్మా ఇది, మా నాన్నగారిని తొక్కుతున్నారు. తీసెయ్ ముందు."

"వేళ్ళు పట్టుకునేదాకా పడుకోబెట్టాలండి."

"అవతల మా నాన్నగారిని తొక్కుతున్నారంటుంటే."

"మట్టే కదండి మేష్టారూ" అంది రూతు. "నాన్నగారు దేవుడి దగ్గరున్నారు."

మేష్టారు ప్యాలెట్ ఎత్తించడానికి మనుషుల్ని పిలుచుకురావడానికి గేటు వైపు వెళ్ళారు. ఎత్తేస్తారని రూతుకి తెలుసు. మళ్ళీ దారి తెరుచుకుంటుందనీ తెలుసు. లేవలేదు. బిళ్ళగన్నేరు మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుంది. వాళ్ళొచ్చేదాకా, ఆ కాసేపైనా, ఆయన మీద ఎవరూ నడవలేదు.