తడి ఆకు

రాత్రంతా కమ్ముకున్న మబ్బు తెల్లారినా కదల్లేదు. అట్లాగని చినుకు రాలిందీ లేదు. గాలి ఆగిపోయి, ఆకాశం మసిగుడ్డలా ఊరి మీదికి వాలి ఉంది. ఎంకమ్మ ఒకసారి పైకి చూసి, కొంగు నడుముకు చెక్కి, కూర తెంపుకొచ్చేందుకు చేల దారి పట్టింది.

ఇంట్లో కోడలు ఉమకు ఎనిమిదో నెల. ఒంట్లో రక్తం లేదని, కాన్పు నాటికి పట్టకపోతే తల్లికీ బిడ్డకీ ముప్పేనని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. రక్తం గోలీలు వేసుకుంటే ఉమకు వాంతులు. పప్పు, గుడ్డు, ఆకుకూరలు బాగా పెట్టమన్నది. గుడ్డు అంగన్‌వాడీలో ఇస్తున్నారు. ఆకుకూరకే కరువు. ఊళ్లో ఉన్న రెండు దుకాణాల్లో చిప్స్ పొట్లాలు దండలుగా వేలాడుతుంటాయి గాని కొత్తిమీర కట్ట కూడా దొరకదు. ఫకీర్ వారానికోసారి ఆటోలో కూరగాయలు తెస్తాడు. గద్వాలలో అమ్మగా మిగిలినవే అవి. మొన్న వాడు పాలకూర కట్ట చేతికిస్తే, ఇది ఏ దవాఖాన నుంచి లేచొచ్చిందిరా అని అడిగింది ఎంకమ్మ. ఫకీర్ నొచ్చుకోలేదు. "నువ్వు ఉత్తగ తెంపుకొచ్చే కూర ముందర నా సరుకెంత పెద్దమ్మా" అన్నాడు.

వాడన్నది నిజమే. కలుపులో గంగవాయిలి ఏది, దొగ్గలి ఏది, చెంచలి ఏది అని ఆమె వంగి చూడనక్కర్లేదు. నడుస్తూనే చెబుతుంది. కాకపోతే పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక ఆ కూరలు ఒడ్ల వెంట తప్ప మిగల్లేదు. ఆ మందు కొట్టేది ఆమె కొడుకు శ్రీనాథే. పంపు వీపున మోసుకొని కూలికి కొడతాడు. అందుకే ఏ రోజుకా రోజు, రేపు ఎవరి చేనికి పోతున్నావని అడిగి పెట్టుకునేది. రాత్రి అడిగితే సుదర్శన్ చేనికన్నాడు. అది ఊరికి తూర్పున ఉంది. ఎంకమ్మ పడమటి దిక్కున నిరంజన్ చేను ఒడ్డుకు పోయింది.

గంగవాయిలి నేలనిండా పరుచుకొని ఉంది. ఆకు మీద తడి నిగనిగలాడుతోంది. మంచు బాగా పడిందనుకుంది. ఒడి నిండా తెంపింది. ఇంటికొచ్చి రెండు నీళ్లలో కడిగి, గుప్పెడు పెసరపప్పు వేసి వండి, వేడివేడి జొన్నరొట్టెతో ఉమకు పెట్టింది. చాన్నాళ్ల తర్వాత ఉమ నోరు తెరిచి రెండో రొట్టె అడిగింది.

పొద్దెక్కాక శ్రీనాథ్ వచ్చాడు. పంపు బయటే దించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొని, పొయ్యి దగ్గరికొచ్చి గిన్నె మూత తీశాడు.

"యాడిదమ్మా గీ కూర?"

"నిరంజన్ ఒడ్డు మీదిది. మస్తు లేతగున్నది."

అతను మూత చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. సుదర్శన్ బోరు మోటరు కాలిపోయిందట. మందు కలుపుదామంటే నీళ్లు లేవట. ఇంతలో నిరంజన్ ఫోన్ చేసి పిలిస్తే అటు పోయి, తెలతెలవారేసరికి ఒడ్లన్నీ కొట్టేశాడట. ఒక్కొక్క మాటే బయటికి తీశాడు.

"మంచు పడ్డదనుకున్న" అంది ఎంకమ్మ.

"మబ్బు రాత్రి మంచెట్ల పడ్తదమ్మా?"

ఆ సంగతి వాడికి చిన్నప్పుడు చెప్పింది ఆమే. ఉమ గోడకు ఆనుకొని, పొట్ట మీద చేతులు పెట్టుకొని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

శ్రీనాథ్ ఉమను బండి మీద దవాఖానకు తీసుకుపోయాడు. ఎంకమ్మ మిగిలిన కూరను పెరట్లో గుంత తీసి పాతింది. కోళ్లు కెలక్కుండా పైన బండ పెట్టింది. గిన్నెను బూడిదతో తోమింది. కడిగి, మళ్లీ తోమింది. పక్కింటి షాహెదా వచ్చి కాసేపు కూర్చుంది. ఎంకమ్మ చేతిలోని గిన్నె తీసి బోర్లించి వెళ్లిపోయింది.

దీపాలు పెట్టే వేళకు వాళ్లు తిరిగొచ్చారు. ఉమకు రెండుసార్లు వాంతి అయిందట. బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉందట. లోపల ఏమైనా తగిలిందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారట. కడుపులో నొప్పి లేస్తే ఆగకుండా గద్వాల పెద్ద దవాఖానకు పొమ్మన్నారట. రక్తం మాత్రం పోయిన నెల ఉన్నకాడనే ఉంది.

"ఏం పెట్టుమన్నరు బిడ్డా?" అని అడిగింది ఎంకమ్మ.

"ఆకుకూరలే" అన్నాడు శ్రీనాథ్.

ఎంకమ్మ లేచి అటక మీది కుండ దించింది. వానలు పడితే చెలకలో చల్లుదామని దాచిన విత్తనపు ఉలవలు అందులో ఉన్నాయి. పురుగు పట్టకుండా వేపాకు, బూడిద కలిపింది తప్ప ఇంకే మందూ పట్టించలేదు. వాటిని చెరిగి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మెత్తగా ఉడికించింది.

ముగ్గురూ కూర్చున్నారు. రేషన్ బియ్యపన్నం, దాని పక్కన ఉడికిన ఉలవలు. ఉమ చెయ్యి కడుక్కుంది గాని అన్నంలో పెట్టలేదు. విత్తనాలకు మందు పట్టిస్తారని ఆ పిల్లకూ తెలుసు. అత్త కంచం వైపు చూసింది.

ఎంకమ్మ ఉలవలు అన్నంలో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. ఇంకో ముద్ద తిన్నది. అప్పుడు ఉమ చెయ్యి కదిలింది. శ్రీనాథ్ తల వంచుకొని తినసాగాడు.