లీలాబాయి నొసలు

డాక్టరమ్మ గది బయట లీలాబాయి కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. లేస్తుంది, తలుపు దాకా పోతుంది, మళ్లీ వస్తుంది.

"కాలు కాలిన పిల్లి తీర్గ ఏందే గా తిరుగుడు? జర కూసో," అన్నాడు భర్త రాజేశ్వర్‌రావు.

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదో సంవత్సరం. హైదరాబాద్ నుంచి ఒక చర్మాల డాక్టరమ్మ ఆదివారమాదివారం కరీంనగర్ వచ్చేది. ముడతలు పోయే సూది వేస్తుందని విన్ననాటి నుంచి లీలాబాయికి అన్నం సయించలేదు. పై నెలలోనే కొడుకు పెళ్లి. ఖాయం చేసుకున్ననాడు పెద్దపల్లి వియ్యపురాలు నలుగురిలో అననే అన్నది: "ఏందొదినె, మా పిల్ల నచ్చలేదా? వచ్చినకాడికెల్లి నొసలు ముడేసుకొనే ఉన్నరు."

ఆ మాట ముల్లై దిగింది. పిల్ల ఆమెకు ఎంతో నచ్చింది మరి.

లోపల డాక్టరమ్మ నవ్వమన్నది, కోపంగా చూడమన్నది. తర్వాత రెండు బొటనవేళ్లతో నొసలు కదలకుండా అదిమిపట్టి, "ఇప్పుడు నన్ను చూడుండ్రి," అన్నది.

చూసింది. డాక్టరమ్మ మెడలో గొలుసు కనబడింది, ముఖం కనబడలేదు. రెప్పలు లేపుదామంటే లేవవు.

"సూదేస్తే నొసలు కదలక మూడు నాలుగు నెలలు గిట్లనే ఉంటదమ్మా. కోపంతోని పడ్డ ముడతలకు, కండ్ల పక్క గీతలకైతే వేస్తం, తప్పులేదు. మీకు రెప్పలు జారుతున్నయి. నొసలే వాటిని గుంజి లేపుతున్నది. పొద్దుగూకితే ఎక్కువైతదా?"

అవుతుంది. పొద్దుగూకితే రెప్పలు వాలి సరిగ్గా కనబడక, బియ్యంలో రాళ్లేరే పని ఇంట్లో పనిచేసే చంద్రవ్వకే అప్పజెబుతోంది. నిద్రమత్తు అనుకున్నది.

"జరంతన్న వెయ్యుండ్రి," అని బతిమాలింది.

"జరంత గూడ వెయ్య. నరాల జబ్బుంటే ఇంకింత చెడ్తది. ముందుగాల హైదరాబాద్‌ల నరాల డాక్టరుకు చూపెట్టుండ్రి."

బయటికి రాగానే రాజేశ్వర్‌రావు, "లగ్గమైనంక పోదాం తియ్. ఇప్పుడు నెత్తి మీద ఎన్ని పనులున్నయి?" అన్నాడు.

"పనులు మీరు చూసుకోండ్రి. నేను మా తమ్ముణ్ని తోలుకొని రేపే పోత."

"మరి ముడతలు? వియ్యపురాలు మళ్ల గదే మాటంటది."

"అననియ్యుండ్రి! ముహూర్తం రాత్రికి పెట్టిండ్రు గదా. నా కొడుకు తాళి కట్టేది నాకు కనబడాలె."

అతను ఆటో పిలిచేలోపే ఆమె బస్టాండు దారి పట్టింది, పొద్దున హైదరాబాద్ బస్సు ఎన్నింటికో అడగడానికి.