మోకు మీద మునిశామప్ప

గంగాధరప్ప మేష్ట్రు నడి ఎండాకాలంలో కూడా కోటు విప్పేవాడు కాదు. లోపల చొక్కాకి వీపు లేదని పిల్లలు చెప్పుకునేవాళ్లు. చింతామణి హైస్కూల్లో తొమ్మిదో క్లాసుకి ఆయన సైన్సు చెప్పేవాడు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అచ్చుతప్పులతో సహా.

1960లో పెద్దపరీక్షలో 'బలం అంటే ఏమి? ఉదాహరణ ఇవ్వండి' అని అడిగారు. ఆగినదాన్ని కదిలించేది, కదిలేదాన్ని ఆపేది బలమని సుజాతమ్మ సరిగ్గానే రాసింది. ఉదాహరణ దగ్గరే చిక్కొచ్చింది. పుస్తకంలో ఒక గుర్రం బండి లాగుతూ ఉంటుంది, బండిలో టోపీ దొర కూర్చునుంటాడు. క్లాసంతా ఆ గుర్రాన్నే రాసింది. సుజాతమ్మ మాత్రం వాళ్ల బావి దగ్గర ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడే మునిశామప్పను రాసింది. ఎద్దులు పల్లానికి దిగేటప్పుడు ఆయన బానకు కట్టిన మోకు మీదెక్కి కూర్చుంటాడు, ఆయన బరువూ మోకును లాగుతుంది, నిండు బాన పైకొస్తుంది అని.

మేష్ట్రు ఎర్రసిరాతో 'కూర్చున్నవాడు భారం, బలం కాదు' అని రాసి సున్నా చుట్టాడు. మొత్తం ముప్పై మూడు. పాసుకి రెండు తక్కువ. తప్పితే బడి మాన్పిస్తానని తండ్రి పిళ్ళప్ప ముందే చెప్పున్నాడు. తాను మూడుసార్లు తప్పిన అనుభవంతో ఆయన పెట్టిన నియమం అది.

మేష్ట్రు చెడ్డవాడేం కాదు. తప్పు రాశానని ఒక్క వాక్యం రాసిస్తే రెండు మార్కులు వేస్తానన్నాడు. సుజాతమ్మ రాయనంది, బావి దగ్గరికొచ్చి చూడమంది. సైన్సు చూసేది కాదు, చదివేదని ఆయన కసిరాడు. ఆదివారం వాళ్లింట్లో ఒబ్బట్లని తెలిశాక, చూడ్డంలో కూడా తప్పులేదని బయల్దేరాడు.

భోజనాలయ్యాక అందరూ బావి దగ్గరికెళ్లారు. మునిశామప్ప మొదట మోకెక్కకుండా ఎద్దుల వెనక నడిచాడు. బాన సగంలో ఆగిపోయింది. ఎద్దులు వెనక్కి తిరిగి ఆయన్ని చూశాయి. ఎక్కి కూర్చున్నాడు, బాన వచ్చింది.

"మీరూ కూచోండప్పా," అన్నాడు మేష్ట్రుతో. "నాకంటే బరువుండారు."

మేష్ట్రు కోటుతోనే కూర్చున్నాడు. ఒబ్బట్ల పుణ్యమా అని బాన ఇంకా తొందరగా వచ్చి కాలవలో నీళ్లు భళ్లున కుమ్మరించింది. ఆయన దిగి, కోటు దులుపుకుని, ఎద్దులు మంచివన్నాడు. జేబులోంచి జవాబు కాగితం తీసి, చివర 'దస్తూరికి 2' అని రాసి సుజాతమ్మకిచ్చాడు.

సుజాతమ్మ దస్తూరి ఎలాంటిదంటే, ఆమె రాసిన ఉత్తరం చదివించుకోడానికి మేనత్త గుడిబండె నుంచి బస్సెక్కి ఆమె దగ్గరికే వచ్చింది.

"నా దస్తూరి బాగలేదు సార్. ఈ రెండూ కొట్టేయండి."

"పాసయితివి గదమ్మా. ఇంకేం కావల్ల?"

"బలానికిస్తే తీసుకుంటా. లేకుంటే ముప్పై మూడే ఉండనీ."

"తీసుకోమ్మే," అన్నాడు పిళ్ళప్ప. "బడి పోతాది."

"పోతే పోనీ నాయనా. సున్నా నాది గాదు."

మేష్ట్రు మునిశామప్పను చూశాడు, ఎద్దులను చూశాడు. ఎవరూ సాయానికి రాలేదు. కాగితం వెనక్కి తీసుకుని కలం మూత మళ్లీ తీశాడు. దస్తూరి కొట్టేశాడు. సున్నా కూడా కొట్టేసి పక్కన రెండు వేశాడు. 'కూర్చున్నవాడు భారం, బలం కాదు' అన్న వాక్యం కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 'కపిలలో తప్ప' అని చేర్చాడు.

సుజాతమ్మ కాగితం అందుకుని అది రెండుసార్లు చదివింది. సిరా ఆరేదాకా కాగితం ఆయన చేతికి ఇవ్వలేదు.