రాడ్డుకు రాసిన పసుపు

2004 అక్టోబరు 26, మంగళవారం పొద్దుటి షిఫ్టులో, మొగల్తూరు దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో ఫ్రీజరు షట్టరు సగంలో ఆగిపోయింది. దాన్ని ఎత్తేది లీనియర్ యాక్చుయేటరు, అంటే మోటారుతో రాడ్డును బయటికి తోసి, లోపలికి లాగే యంత్రం. దాని మోటారు కాలిపోయింది. ఆ యాక్చుయేటరును ఎంపిక చేసింది మెయింటెనెన్సు ఇంజనీరు శశిభూషణ్.

అంతకుముందు ఆ షట్టరును గాలి సిలిండరు ఎత్తేది. కరెంటు పోతే గాలి వదిలేసేది, షట్టరు దబ్బున పడేది. కిందటేడు అలా పడి, ట్రేలు లోపలికి తోసే అప్పాయమ్మ ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. ఆసుపత్రిలో కుట్లు వేస్తుండగా ఆమె శశిభూషణ్‌ను ఒకటే అడిగింది. "మళ్లీ దాని కిందేనాండి నేను నిలబడేది?"

కాదని మాట ఇచ్చాడు. కేటలాగులు తెప్పించాడు. షట్టరు బరువు, ఎత్తవలసిన దూరం, వేగం లెక్క కట్టాడు. రోజూ క్లోరిన్ నీళ్లతో కడుగుతారు గనక నీరు చొరని రకం చూశాడు. లోపల మోటారుతో తిరిగే స్క్రూ ఉన్నదే కావాలన్నాడు. కరెంటు పోయినా స్క్రూ ఎక్కడిదక్కడ ఆగుతుంది, షట్టరు పడదు. మేనేజరు సూర్యప్రకాశం ఒక్కటి కొనడానికి ఒప్పుకున్నారు.

మోటారు కాలడానికి ముందు శుక్రవారం దసరా. ఆయుధపూజకు షట్టరు పైకెత్తి ఉంచారు, రాడ్డు మొత్తం బయట ఉంది. అప్పాయమ్మ పసుపు కలిపి, గడపకు రాసినట్టు ఆ చివర నుంచి ఈ చివరకు రాసింది. కుంకుమ బొట్లు పెట్టింది.

"కొత్తల్లుడికి కూడా ఇంత మర్యాద చెయ్యరే," అన్నాడు ఫిట్టరు వీరబాబు.

"అల్లుడు నా వేళ్లు కాస్తాడేంట్రా? ఇది కాస్తాది."

శశిభూషణ్ హారతి కళ్లకద్దుకుని స్విచ్చి నొక్కాడు. రాడ్డు పసుపుతోనే లోపలికి వెళ్లింది.

మంగళవారం విప్పి చూస్తే, రాడ్డు చుట్టూ నీళ్లు ఆపే రబ్బరు సీలు అంచు చిరిగి ఉంది. స్క్రూ మీద గ్రీజు, పసుపు, నీళ్లు. దాన్ని అలాగే మేనేజరు గదికి పట్టుకెళ్లాడు.

"పసుపు ఎండి గరుకై సీలును చీరిందండి. కడిగిన నీళ్లు లోపలికెళ్లాయి. మోటారు మార్చి, రాడ్డుకి రబ్బరు తొడుగు వేస్తే..."

"పసుపు రాస్తే పాడయ్యే మిషను మనకెందుకండి?"

"రాయొద్దని చెబుదామండి."

"దసరాకి పసుపు రాయొద్దని మీరు చెప్తారా? ఆ మాట మా ఆవిడ వింటే నాకు అన్నం పెట్టదు. పాత సిలిండరు ఉందా?"

"స్టోర్సులో ఉందండి. కానీ కరెంటు పోతే పడుద్దండి అది."

"జనరేటరుంది కదండి. చెరువుల దగ్గర్నించి సరుకు బయల్దేరింది. బిగించేయండి."

జనరేటరు అందుకునేలోపే పడుతుందని శశిభూషణ్ అన్నాడు. సూర్యప్రకాశం అప్పటికే ఫోనెత్తారు.

మధ్యాహ్నానికి వీరబాబు సిలిండరు బిగించాడు. షిఫ్టుకొచ్చిన అప్పాయమ్మ పైకి చూసింది.

"పాతదెట్టారేంటండి బాబుగారు? కొత్తదానికేమైంది?"

"కాలిపోయింది."

"ఎందుకండి?"

శశిభూషణ్ వీరబాబు వైపు చూశాడు. వీరబాబు వంగి స్పానర్లు ఏరుకున్నాడు.

"సెలక్షన్‌లో నాదే తప్పు. చేతులు దూరంగా పెట్టుకో, అప్పాయమ్మా."

"దూరంగా పెడితే ట్రే మీ తాతొచ్చి తోస్తాడాండి?" అని నవ్వి, గ్లవుజులు తొడుక్కుంది.

నాలుగింటికి కరెంటు పోయింది. షట్టరు ట్రే మీద పడింది. అప్పాయమ్మ చేతులు అప్పటికే వెనక్కి తీసుకుంది. కరెంటు వచ్చాక షట్టరు లేచింది. ఆమె ఇంకో ట్రే తోసింది.